ఉత్తరం వైపు మబ్బు

మా సంఘంలో కుటుంబానికి ఒక్కటే ప్రార్థన అంశం. ఇది దేవుని వాక్యంలో ఉన్న నియమం కాదు, మా పాస్టర్ అయ్యగారు పెట్టింది. మా ఊరు ఇర్వింగ్‌లో మేం ఆదివారం అద్దెకు తీసుకునే హాలుని మధ్యాహ్నానికల్లా ఖాళీ చేసి ఇంకో సంఘానికి అప్పగించాలి. ఒకప్పుడు ఎవరికి తోచినన్ని వాళ్ళు చెప్పేవారు. హెచ్‌వన్ స్టాంపింగు, గ్రీన్ కార్డు, గుంటూరులో అత్తగారి కంటి ఆపరేషను, కొన్న ఇంటి క్లోజింగు, పిల్లవాడి కాలేజీ సీటు. ప్రార్థన ముగిసేసరికి వెనకాల బిర్యానీ చల్లారిపోయేది, తలుపు బయట ఆ రెండో సంఘం వాళ్ళు గిటార్లు పట్టుకుని పళ్ళు కొరుకుతూ నిలబడేవారు. అందుకని ఇంటికొకటి, అదీ ఒక్క వాక్యంలో అన్నారు అయ్యగారు. మొగుడూ పెళ్ళాలకి పడని ఇళ్ళలో ఆ ఒక్క వాక్యం ఏదన్న వాదన పార్కింగ్ లాట్ దాకా వచ్చేది.

మా సంఘంలో ఒక పెద్దాయన తన ఇంటి వాటాకి వచ్చిన ఆ ఒక్క వాక్యాన్నీ తీసుకెళ్ళి ఒక కొండకి ఇచ్చేశారు. ఆయన పోయి రెండు నెలలైంది. మొన్న ఆదివారం మందిరంలో జరిగిన సంగతి చూశాక ఆయన గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఆయన మొదటిసారి లేచి నిలబడిన రోజు నాకు బాగా గుర్తు. చొక్కా మీద స్వెట్టరు, చేతిలో గొడుగు. బయట ఎండ కారు బానెట్ మీద అట్టు పోసుకునేలా ఉంది. గొంతు సవరించుకుని, "అలాస్కా కింద సముద్రంలో మనుషుల్లేని దీవి ఒకటుంది, దాని కొండకి ఉత్తరం వైపు పట్టిన మబ్బు తొలగాలని సంఘం జ్ఞాపకం చేసుకోవాలి" అన్నారు. ఒక్క వాక్యమే, నియమం తప్పలేదు. అయ్యగారు ఆయన వంక ఒకసారి, గడియారం వంక ఒకసారి చూసి, కళ్ళు మూసుకుని మబ్బు కోసం ప్రార్థించారు. మేమంతా ఆమేన్ అన్నాం. అలా మొదలైంది.

విషయం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, ఎందుకంటే ఇద్దరిదీ ఒకే ఆఫీసు. ఊళ్ళోనే లాస్ కోలినాస్‌లో ఉన్న మా కంపెనీ పాత మ్యాపుల్ని స్కాన్ చేసి కంప్యూటర్ మ్యాపులుగా మారుస్తుంది. మా టీముకి వచ్చినవి అల్యూషియన్ దీవులు. అలాస్కా తోక పట్టుకుని సముద్రంలోకి వరసగా సాగిన అగ్నిపర్వతాలు. కొండ ఎత్తుని చూపించడానికి ఒకే ఎత్తున్న చోట్లని కలుపుతూ గోధుమరంగు గీతలు గీస్తారు, కాంటూర్లంటాం. ఆ గీతల్ని ఆయన మౌస్‌తో ఒక్కొక్కటే దిద్దేవారు, నేను తప్పులు చూసేదాన్ని. అన్ని దీవులూ అయిపోయాయి, ఒక్కటి తప్ప.

ఆ మ్యాపు పూర్వం ఎవరో విమానంలోంచి ఫొటోలు తీసి, వాటిని చూసి గీసింది. ఫొటో తీసినప్పుడు కొండకి ఉత్తరం వైపు మబ్బు పట్టి ఉంది. గీసినవాళ్ళు నిజాయితీపరులు. గీతల్ని మబ్బు అంచుదాకా తెచ్చి ఆపేసి, లోపల తెల్లగా వదిలి, మబ్బు అని ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో రాశారు. తర్వాత ఎడిషన్ వేసిన ప్రతివాళ్ళూ కొండతోపాటు మబ్బుని కూడా శ్రద్ధగా కాపీ కొట్టారు. ఎప్పుడో ఒక పూట పట్టిన మబ్బు తరాల తరబడి అచ్చవుతూ వచ్చింది. ఆ ఖాళీని కొత్త శాటిలైట్ చిత్రాలు చూసి పూరించడం మా పని. మబ్బులోంచి చూడగల రాడార్ ఒకటుంది కానీ దానికి మా కాంట్రాక్టులో చోటు లేదు. ఆయన రోజూ పొద్దున్నే ఆఫీసుకి రాగానే ఆ కొండ మీద కొత్తగా తీసిన చిత్రం తెరిచేవారు. రోజూ మబ్బే. "ఇవాళా లేదు మేడమ్" అని నాకు చెప్పి కాఫీకి వెళ్ళేవారు.

నన్ను ఆయన ఆఫీసులో మేడమ్ అనేవారు, మందిరంలో సిస్టర్ అనేవారు, కారులో అమ్మాయ్ అనేవారు. హైవే మీద కారు నడపడమంటే భయం కాబట్టి రోజూ నా కారులోనే వచ్చేవారు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర అమ్మాయ్‌గా ఎక్కించుకుంటే ఆఫీసు గ్యారేజీలో మేడమ్‌గా దిగేదాన్ని. మధ్యలో ఎక్కడ మారానో నాకెప్పుడూ తెలిసేది కాదు.

ఆయనది నరసాపురం దగ్గర పల్లె. అక్కడ నేల పీటలా ఉంటుంది, ఎత్తంటే కాలవ గట్టే. మొదటిసారి కొండ ఎక్కింది బెజవాడలో, అదీ సగందాకా వెళ్ళి కళ్ళు తిరిగి దిగిపోయారట. అలాంటి మనిషికి దేవుడు అగ్నిపర్వతాలు అప్పజెప్పాడు. సముద్రంలోంచి నిటారుగా లేచిన బండల మీద గీతలు దిద్దీ దిద్దీ, మధ్యాహ్నానికి అలసిపోయి "ఇవాళ చాలా ఎక్కేశాం" అని మడమలు ఒత్తుకునేవారు. ఇర్వింగ్‌లో కొండలు లేవు కాబట్టి హైవేలు కలిసేచోట అన్నిటికన్నా పైనుంచి పోయే ఫ్లైఓవర్ ఆయనకి కొండ. దూరమైనా సరే అటునుంచే పోనివ్వమనేవారు. తీరా పైకి వెళ్ళాక హ్యాండిల్ పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, ఎన్ని గీతలు ఎక్కి ఉంటామో లెక్క కట్టేవారు. కిందికి దిగాక "బాగుంది కదా" అనేవారు. ఏం చూశారో నాకు తెలియదు.

ఫోనులో వాతావరణం ఒక్క దీవిదే పెట్టుకున్నారు. ఇర్వింగ్‌లో ఎంత ఎండున్నా అక్కడ జల్లు అంటే గొడుగు పట్టుకొచ్చేవారు, గాలి అంటే మఫ్లరు చుట్టుకొచ్చేవారు. ఒకసారి నిజంగానే ఇక్కడ వడగళ్ళు పడి అందరి కార్లూ సొట్టలు పోయాయి. దీవిలో ఆ రోజు వాన తెరిపిచ్చిందని ఆయన కారు బయటే పెట్టి, నిశ్చింతగా నిద్రపోయారు. చర్చి లంచ్‌లో ఆయన పక్కన కూర్చోవడం ఒక పరీక్ష. అన్నం కుప్పగా పోసుకుని, గరిటెతో లోయలు తీసి, పులుసు ఎటునుంచి పోస్తే ఎటు పారుతుందో చూసి మరీ పోసుకునేవారు. ఉత్తరం వైపు మాత్రం పులుసు తగలనిచ్చేవారు కాదు. చివరిదాకా అటు తెల్లగానే ఉండేది, ఆఖర్న ఆ తెల్లన్నం పెరుగులో కలిపేవారు.

ఆఫీసులో మా మేనేజర్ కరీంనగర్ కుర్రాడు, మంచివాడు, కాకపోతే వాడి మీద పైవాళ్ళ ఒత్తిడి. ఒకరోజు కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాడు.

"అంకుల్, జర సోచాయించుండ్రి. ఆడికి ఎవడు పోతడు? ఇటు గీత ఉన్నది, అటు గీత ఉన్నది. నడిమిట్ల కలిపేస్తే అయిపాయె."

"చూడనిదాని మీద గీత గీయకూడదు బాబూ."

మేనేజర్ నా వంక చూశాడు. నేను స్క్రీన్ వంక చూశాను. అప్పుడు వాడు సాఫ్ట్‌వేర్లో ఏదో బటన్ నొక్కితే ఖాళీలో గీతలు వాటంతటవే వచ్చి కలిశాయి. కొండ ఉత్తరం వైపు బోర్లించిన ఇడ్లీలా నున్నగా తయారైంది. ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. దేవుడు ఇలా చేసి ఉండడని చెప్పి మొత్తం చెరిపేశారు. మిగతా దీవులన్నీ ఆయనే అందరికన్నా ముందు పూర్తి చేశారు కాబట్టి మేనేజర్ ఇంకేమీ అనలేకపోయాడు. ఆ ఒక్క మ్యాపునీ చివరికి నెట్టుకుంటూ పోయాడు.

ఇదే గొడవ అయ్యగారి దాకా వెళ్ళింది. కనబడనిదాన్ని నమ్మడమే కదా మన విశ్వాసం, మరి మీకు ఆ గీత దగ్గర పట్టుదలేమిటని అయ్యగారు నవ్వుతూ ఆటపట్టించారు. ఆయన నవ్వలేదు. "చూడకుండా నమ్మడం వేరు అయ్యగారూ, చూడకుండా గీయడం వేరు" అన్నారు. తర్వాతి వారం అయ్యగారు ప్రసంగంలో ఆ మాట వాడుకున్నారు, ఎవరిదో చెప్పకుండా.

ఈ కథలో అన్యాయమైపోయిన మనిషి ఆంటీ. అంటే ఆయన భార్య. ఆవిడకి కుడి మోకాలు అరిగిపోయింది. మెట్లు ఎక్కితే ఒక బాధ, దిగితే ఇంకో బాధ. మందిరంలో అందరూ లేచి పాడేటప్పుడు ఆవిడ కుర్చీ పట్టుకుని సగం లేచేది. ఇంటికొకటే అంశం, ఆ ఒకటీ కొండకి పోయింది. రొయ్యల కూర వడ్డిస్తూ నాతో ఎన్నిసార్లు వాపోయిందో. "సముద్రంలో ఎక్కడో ఉన్న బండకి వందమంది ప్రార్థన చేస్తున్నారు. ఇంట్లో పెళ్ళాం కాలికి ఎవరూ లేరు. ఆ కొండకేమైనా నొప్పా?" అనేది. ఆయన తల వంచుకుని తినేవారు. కావాలంటే రెండోది కూడా చెప్పుకోండని అయ్యగారు ఆవిడ మీద జాలిపడి చెప్పినా ఆయన ఒప్పుకోలేదు. నియమం నియమమే, మనమే తప్పితే రేపు అందరూ తప్పుతారు అన్నారు. ఇంటికి వెళ్ళి ఆవిడ కాలికి నూనె మాత్రం ఆయనే రాసేవారు. నూనె రాస్తూ ఆ మోకాలి ఎముక ఎటునుంచి ఎటు వాలిందో చెబుతారని ఆవిడకి ఇంకా ఒళ్ళు మండేది.

ఒకసారి ట్రాయ్ అనే ఊరి నుంచి ఒక ప్రసంగీకులు వచ్చారు. గొప్ప గొంతు ఆయనది. ఈ అంకుల్ లేచి ఉత్తరం వైపు మబ్బు తొలగాలి అనగానే ఆయన కదిలిపోయారు. ఈ కుటుంబాన్ని ఏదో చీకటి కమ్ముకుంది, ఇద్దరూ ముందుకు రండి అన్నారు. వద్దని చెప్పేలోపు ఇద్దరి తలల మీదా చేతులు పెట్టి, భార్యాభర్తల మధ్య అడ్డుగోడలు కూలిపోవాలని, ఆ తల్లి మనసు మెత్తబడాలని హాలు అదిరేలా ప్రార్థించారు. ఆంటీ మొహం కందగడ్డ అయింది. ఆయన మాత్రం కళ్ళు మూసుకుని శ్రద్ధగా విని, చివర్లో ఉత్తరం వైపు అన్న మాట రాలేదని ప్రసంగీకులకి గుర్తు చేశారు. నా కారులో ఇంటికి వెళ్ళే దారిలో ఆంటీ, మన ఇంట్లో మబ్బేమిటండీ, ఉన్నదంతా మీ తలకాయలోనే అంది. వెనక సీట్లో ఆయన దీవి వాతావరణం చూసుకుంటున్నారు.

ప్రార్థన ఫలించలేదని అనడానికి లేదు. పోయినేడు ఒక పొద్దున నేను కాఫీ కలుపుకుంటుంటే ఆయన పరుగెత్తుకొచ్చారు. ఆయన నడవడమే తప్ప పరుగెత్తడం నేను అప్పటిదాకా చూడలేదు. స్క్రీన్ మీద కొండ. ఆకాశం నీలంగా, మబ్బు తునక లేకుండా ఉంది. కొండ మొత్తం మంచు. సముద్రం దగ్గర నుంచి కొసదాకా తెల్లటి తెలుపు. ఎక్కడ లోయో ఎక్కడ గట్టో చీమంతైనా తెలియడం లేదు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన మొహం మాత్రం వెలిగిపోతోంది. ఆ ఆదివారం సాక్ష్యం చెప్పడానికి లేచారు. "మబ్బు తొలగింది. కింద మంచుంది. ఏమీ కనబడలేదు. దేవునికి స్తోత్రం" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మరుసటి వారం నుంచి మంచు లేని రోజున మబ్బు లేకుండా ఉండాలని, అదే ఒక్క వాక్యంలో సర్దుకుని చెప్పారు.

తర్వాత ఆయనకి గుండెలో ఏదో కవాటం పాడైందన్నారు. ఆపరేషన్ పెట్టారు. నేనూ అయ్యగారూ ఆసుపత్రికి వెళ్ళేసరికి మంచం పక్కన సండే స్కూల్ పిల్లలు చేసిన కార్డుంది. త్వరగా కోలుకోవాలని ఇంగ్లీషులో రాసి, రంగులేసి పంపారు. కాకపోతే అది ఆయనకి కాదు, కొండకి. ఇన్నేళ్ళుగా ప్రార్థన వింటున్నారు కదా, ఒంట్లో బాగోలేనిది కొండకే అనుకున్నారు పిల్లలు. ఆయన దాన్ని వచ్చిన ప్రతి నర్సుకీ చూపిస్తున్నారు.

ఆంటీ కిటికీ దగ్గర కాలు చాపుకుని కూర్చుంది. ఈ ఆదివారం మీ పేరు చెబుతాం, సంఘమంతా మీ కోసం అడుగుతుంది అన్నారు అయ్యగారు.

"ఇంటికొకటే కదా అయ్యగారూ. మీరే పెట్టారు."

"ఇది వేరండీ."

"నన్ను చూడ్డానికి నలుగురు డాక్టర్లున్నారు. ఆ కొండని ఎవరు చూస్తున్నారు?"

ఆయన నా వైపు తిరిగి, పొద్దున చూశావా అమ్మాయ్ అని అడిగారు. ఆసుపత్రిలో కూడా అమ్మాయ్‌నే అయ్యానని నాకప్పుడు తట్టింది. చూశాను, మబ్బే అన్నాను. సరేలే, రేపు చూడు అన్నారు. తర్వాత ఆంటీ వైపు తిరిగి, ఆదివారం నువ్వే లేచి చెప్పాలి అన్నారు.

ఆదివారం వచ్చింది. మా అందరికీ ఒకటే ఆదుర్దా. ఆవిడ మనిషి కోసం అడుగుతుందా, కొండ కోసం అడుగుతుందా? మనిషి కోసమే అడగాలని నేను కోరుకున్నాను. ఎవరైనా అంతే కదా. ఆవిడ ముందు కుర్చీ వీపు పట్టుకుని సగం లేచింది. "కొండండీ" అంది కోపంగా. "ఉత్తరం వైపు. తెలుసుగా." అంతే, కూర్చుంది. అయ్యగారు కొండ కోసం ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో రెండుసార్లు ఆగారు. నోటితో అందరం కొండ అన్నాం. లోపల ఎవరేం అడిగారో ఎవరికి వారికే తెలుసు. నేనైతే కొండని అడగలేదు.

ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. ఆ వారంలోనే పోయారు.

నాకు చాలా దుఃఖం వచ్చింది. అంత్యక్రియల రోజు ఫ్లైఓవర్ మీద నుంచే వెళ్ళాను, పక్క సీటు ఖాళీగా ఉంటే హ్యాండిల్ వంక చూడలేకపోయాను. ఆఫీసులో ఆ మ్యాపు ఇక ఆపడానికి వీల్లేదన్నారు. మేనేజర్ తనే ఆయన కుర్చీలో కూర్చుని మౌస్ పట్టుకున్నాడు. ఇటు గీత కొసదాకా తెచ్చాడు, అటు గీత కొసదాకా తెచ్చాడు, మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నాడు. చివరికి లేచి, "నాతోటి అయితలేదు అక్కా, అంకుల్ చూస్తున్నట్టే ఉన్నది" అన్నాడు. మబ్బుని మబ్బుగానే వదిలి, మ్యాపు పంపేశాం. ఇంతకాలం మమ్మల్ని తొందరపెట్టిన పైవాళ్ళెవరూ ఆ తెల్లమచ్చ ఏమిటని ఇప్పటిదాకా అడగలేదు. అడుగుతారని కూడా నేననుకోవడం లేదు.

పని అయిపోయినా నేను పొద్దున్నే ఆ చిత్రం తెరవడం మానలేదు. ఎందుకో చెప్పలేను. చూసి, మూసి, కాఫీకి వెళతాను.

మందిరంలో అయ్యగారు పెద్దమనసుతో ఆ కుటుంబం వంతు వచ్చినప్పుడు కొన్ని వారాలు ఏమీ అడగకుండా దాటేశారు. కొండని కూడా మెల్లగా వదిలేశారు. మొన్న ఆదివారం మాత్రం ఆగి, ఆంటీ వైపు చూసి, అమ్మా, మీ ఇంటి తరఫున చెప్పండి అన్నారు. అందరికీ కారణం తెలుసు. ఆవిడకి ఈ గురువారం మోకాలి ఆపరేషన్. ఇన్నేళ్ళ తర్వాత ఆ ఇంటి అంశం ఆవిడదైంది. వెనక వరసల్లో ఆడవాళ్ళు అప్పుడే తలల మీద కొంగులూ చున్నీలూ కప్పుకుంటున్నారు.

ఆవిడ కుర్చీ పట్టుకుని సగం లేచింది. నోరు తెరిచి, ఆగి, మెడ తిప్పి నన్ను వెతుక్కుంది.

"అమ్మాయ్, పొద్దున చూశావా?"

అమ్మాయ్ అని ఆవిడ నన్ను ఎప్పుడూ పిలవలేదు.

"చూశానాంటీ. మబ్బే ఉంది."

"అయితే అదే అయ్యగారూ" అని, మోకాలు పట్టుకుని కూర్చుంది.